పంపు స్టవ్వుల మాశీ

ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా ఫోను మోగింది. మా కొండ నడకల క్లబ్బు గ్రూపులో సెక్రటరీ దాదా బెంగాలీలో ఒకే ఒక్క వాక్యం పెట్టాడు. "స్టోవ్ మాశీ ఆర్ నేయి." స్టవ్ మాశీ, అంటే స్టవ్ పిన్ని, ఇక లేదు.

కాసేపటికి ఒక్కొక్కరూ ఫొటోలు పంపడం మొదలుపెట్టారు. ఒక్కదాంట్లోనూ ఆవిడ మొహం లేదు. అన్నీ స్టవ్వులే. ఇత్తడి ట్యాంకులు, నీలం మంటలు, వెనకాల గుడారాలు, మంచు. ఒక్క ఫొటోలో మాత్రం అంచున ఎడమచెయ్యి ఒకటి పడింది. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం ముడుచుకుపోయి, ఎండలో నూనె రాసినట్టు మెరుస్తోంది. ఆ చెయ్యి చూశాక నేను డబ్బా మూత పెట్టేశాను.

ఆవిడ పేరు నాకు తెలుసు. కానీ ఆ పేరుతో ఆవిడను ఎవరూ పిలవగా నేను వినలేదు. చర్చిలో వాళ్ళు అక్క అనడానికి అప్ప అనేవాళ్ళు. కోడలు అత్తమ్మ అనేది. నేను పెద్దమ్మా అనేదాన్ని. కలకత్తాలో కొండలెక్కే పిచ్చి ఉన్న బెంగాలీలందరికీ స్టవ్ మాశీ. కాబట్టి పేరు రాయను.

వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరి నుంచి కలకత్తా రేవులో పనికి వచ్చి వాట్‌గంజ్‌లో స్థిరపడ్డాడు. ఆవిడ అక్కడే పుట్టింది. పెళ్ళయ్యాక నది దాటి హౌరా వైపు టికియాపారాకు వచ్చింది. భర్త రైలు పెట్టెలు బాగుచేసే షెడ్డులో ఫిట్టరు. ఆయన పోయి చాలా కాలమైంది. కొడుకూ రైల్వేలోనే. నాకు పరిచయమయ్యేనాటికి షెడ్డు వెనక సందులో రెండు గదుల ఇంట్లో కొడుకు, కోడలితో ఉండేది.

నేను తెనాలి నుంచి బ్యాంకు బదిలీ మీద కలకత్తా వచ్చాను. ఆదివారాలు గడవక క్లబ్బులో చేరాను. క్లబ్బు దగ్గర ఒక పాత విదేశీ స్టవ్వు ఉండేది. కాళ్ళు, బర్నరు ఊడదీసి చిన్న రేకుపెట్టెలో సర్దుకునే రకం. ఏ టీతోట మేనేజరో వెళ్ళిపోతూ ఇచ్చిపోయాడట. కొంతకాలంగా దాన్ని వెలిగిస్తే మంట మొహం మీదికి లేస్తోంది. "టికియాపారాలో ఒకావిడ ఉంది, మీ తెలుగావిడే, నువ్వు తీసుకెళ్ళు," అన్నాడు సెక్రటరీ దాదా. ఆయన ట్రాము నడిపి రిటైరైన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ఎవరి మాటా ఒక పట్టాన వినడు.

నేను వెళ్ళేసరికి ఆవిడ వరండాలో పీట మీద కూర్చుని, పాత బూటు తోలును గుండ్రంగా కత్తిరిస్తోంది. పక్కన గిన్నెలో ఆవనూనె. అందులో అంతకుముందు కత్తిరించిన తోలు బిళ్ళలు నానుతున్నాయి. గోడవారగా చిన్నా పెద్దా ఇత్తడి స్టవ్వులు. నేను హిందీలో మొదలుపెట్టి, మాట దొరక్క తెలుగులోకి జారాను. ఆవిడ కత్తెర ఆపింది.

"ఏటి, తెలుగువోలా? ఏ ఊరు?"

"తెనాలండీ."

"అలగైతే కూకో. పుస్తకాల తెలుగు మాటాడతావు గానీ, పరవానేదు."

రేకుపెట్టె తెరిచి ట్యాంకు బయటికి తీసింది. ఊపింది. చెవి దగ్గర పెట్టుకుంది. కిరసనాయిలు పోసే మూత విప్పి వాసన చూసి, ఆ మూతను వెలుతురుకు తిప్పి చాలాసేపు చూసింది. ఆవిడ మొహం మారిపోయింది.

"దీని ఊపిరి కన్నం మూసీసినారు. సీసం కరిగించి పోసీసినారు. ఎవులు సేసినారీ పని?"

"మా సెక్రటరీ గారు. అక్కడ కారుతోందని..."

"ఆయన్ని రమ్మను."

"నేను తీసుకెళ్ళి ఆయనకు వివరంగా చెబుతానండీ."

"హోబే నా," అంది.

కుదరదు అని బెంగాలీలో. ఆవిడ తెలుగులో మాట్లాడుతున్నా, హిందీలో మాట్లాడుతున్నా ఈ ముక్క మాత్రం బెంగాలీలోనే వచ్చేది. గొంతు పెంచేది కాదు. చేతిలో పని ఆపేది కాదు. ఆ మాట పడ్డాక ఇంక ఎదుటివాళ్ళు ఎంత బతిమాలినా లాభం ఉండదని తర్వాత తెలిసింది.

తర్వాతి ఆదివారం సెక్రటరీ దాదాను తీసుకెళ్ళాను. నది దాటి, హౌరాలో బస్సు మారి, ఎండలో రావాల్సి వచ్చినందుకు ఆయన ముందే చిరాగ్గా ఉన్నాడు. వరండాలో నిలబడే బెంగాలీలో వాదన మొదలుపెట్టాడు. మూత కారింది, అందుకని మూశాను, ఆ తర్వాత కొండకు తీసుకెళ్ళి వంట చేశాం, ఏమీ కాలేదు అన్నాడు.

"ట్యాంకు మరీ వేడెక్కితే ఈ కన్నం తెరుచుకుని గాలి బయటికి పోవాలి," అంది ఆవిడ బెంగాలీలోనే. "పోయే దారి లేకపోతే ట్యాంకే పగులుతుంది. చుట్టూ ఎవరు కూర్చుంటారు? మీ పిల్లలే కదా. నీ ట్రాముకు బ్రేకు అరిగి శబ్దం చేస్తే, బ్రేకు పీకేసి నడిపావా?"

ఆయన చెప్పులు విడిచి కింద కూర్చున్నాడు.

ఆవిడ అప్పటికే కొత్త మూత బిగించి, పంపు తోలు మార్చి, బర్నరు కింద వాషరు వేసి స్టవ్వును సిద్ధం చేసి ఉంచింది. కానీ చేతికి ఇవ్వలేదు. వెలిగించి చూపించమంది. అది ఆవిడ పద్ధతి. బాగుచేసిన స్టవ్వును తీసుకెళ్ళే మనిషి అక్కడే, ఆవిడ ఎదుట, స్వయంగా వెలిగించాలి. ఎంత పెద్దవాళ్ళు వచ్చినా అంతే.

పంపు స్టవ్వు మా అమ్మమ్మ ఇంట్లో ఉండేది గానీ దాని గుట్టు నాకూ అప్పుడే తెలిసింది. బర్నరు కింద చిన్న గిన్నెలో స్పిరిటు పోసి అంటించాలి. ఆ మంటకు బర్నరు బాగా కాగాలి. అప్పుడు గాలి స్క్రూ బిగించి పంపు కొట్టాలి. కాగిన బర్నరులో కిరసనాయిలు ఆవిరై నీలంగా మండుతుంది. కాగకముందే పంపు కొడితే ఆవిరి కాని నూనే పైకి చిమ్మి, పచ్చగా, ఎత్తుగా లేస్తుంది. దాదా తొందరపడ్డాడు. మంట ఆయన కనుబొమల దాకా లేచింది. ఆయన ఎగిరి వెనక్కి పడ్డాడు. ఆవిడ మాత్రం తొణక్కుండా మంట పక్కనుంచి ఎడమచెయ్యి పోనిచ్చి గాలి స్క్రూ వదులు చేసింది. మంట చచ్చిపోయింది.

"మళ్ళీ," అంది.

మళ్ళీ అంటే మళ్ళీ. స్టవ్వు గుర్రుమంటూ నీలంగా మండేదాకా వదల్లేదు. ఆ సాయంత్రం ఫెర్రీలో తిరిగొస్తున్నప్పుడు సెక్రటరీ దాదా పెట్టెను ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు చూస్తూ కూర్చున్నాడు. "ఆడమనిషి కాదు, ఇన్‌స్పెక్టరు," అన్నాడు. ఆ తర్వాత క్లబ్బులో ఎవరైనా ఆవిడ గురించి తేలిగ్గా మాట్లాడితే మొదట ఆయనే కసురుకునేవాడు.

నేను ఆ ఇంటికి తరచుగా వెళ్ళడం మొదలుపెట్టాను. తెలుగు కోసం అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, అసలు ఆవిడ పని చూడటానికే వెళ్ళేదాన్ని. చర్చి నుంచి వచ్చాక ఆవిడ గుడ్డసంచి తగిలించుకుని వాట్‌గంజ్ వెళ్ళేది. అక్కడ ఓడల నుంచి దిగిన తుక్కు అమ్మే కొట్లవాళ్ళు చిన్నప్పటి నుంచి తెలిసినవాళ్ళు. ఇనుపముక్కల మధ్య ఎక్కడైనా ఇత్తడి ట్యాంకు కనిపిస్తే ఆవిడ కోసం పక్కన పెట్టేవాళ్ళు. సొట్టపడినవి, కాళ్ళు లేనివి, బర్నరు బొగ్గుపట్టి రాయిలా బిగుసుకుపోయినవి. ఏ ఓడ ప్రాణరక్షక పడవలో పడి ఉన్నవో, ఏ సర్వేవాళ్ళు మోసినవో. ఆవిడకు వాటి కథలతో పని లేదు. పంపు లాగి చూసి, "ఇంకా ఊపిరి ఉన్నాది," అని సంచిలో వేసుకునేది.

బాగుచేసిన ప్రతి స్టవ్వు మీదా మొదట ఇంటి అన్నం ఉడకాలి. ఇంట్లో గ్యాసు ఉన్నా సరే. అందుకని ఆ ఇంట్లో ఆదివారం భోజనం ఎప్పుడవుతుందో ఎవరికీ తెలిసేది కాదు. బర్నరు మొండికేస్తే సాయంత్రమే. కోడలు కలకత్తాలో పుట్టిన పిల్ల. తెలుగు, బెంగాలీ, హిందీ కలగలిపి మాట్లాడేది. "దిదీ, మా అత్తమ్మకి ఆకలి ఒస్తే స్టవ్వుకి కోపం ఒస్తది," అని నాతో నవ్వేది. నవ్వుతూనే బియ్యం కడిగి పక్కన పెట్టి కాచుకుని ఉండేది.

ఇత్తడిని మెరిసేలా తోమడం ఆవిడకు ఇష్టం ఉండేది కాదు. దక్షిణ కలకత్తా నుంచి ఒకాయన కారులో వచ్చాడు. ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి అలాంటివి సేకరిస్తాడట. మడిచిపెట్టే చిన్న స్టవ్వు ఒకటి చూసి ముచ్చటపడ్డాడు.

"ఎక్కడికి తీసుకెళ్తారు? ఏ కొండకు?" అని అడిగింది ఆవిడ.

"కొండకు కాదు, బైఠక్‌ఖానాలో, మా ముందు గదిలో పెడతాను."

"అయితే హోబే నా."

ఆయన కారెక్కి వెళ్ళిపోయాక నాతో అంది: "తోమితే మెరుస్తాది. మెరిస్తే సూసుకుంటా కూకుంటారు. పొయ్యిని సూడ్డానికేటమ్మా, ఒండటానికి గానీ."

చేతి సంగతి నేనెప్పుడూ అడగలేదు. ఒక వానాకాలం మధ్యాహ్నం తనే చెప్పింది. సందులో మోకాలిలోతు నీళ్ళు. నేను ఇంటికి వెళ్ళే వీల్లేక వరండాలో చిక్కుకుపోయాను. ఆవిడ ఒక బర్నరును సూదితో శుభ్రం చేస్తోంది.

"పెళ్ళయి కొత్తలో. కోటర్సులో ఉండీవోలం," అని మొదలుపెట్టింది. "స్టవ్వు మండుతుండగా నూనైపోనాది. ఆర్పీసి, సల్లారక ముందే నూని పోసీసినాను. ఆయన డూటీకి ఎల్లిపోవాల, కేరేజీ కట్టాల. తొందర. భగ్గుమన్నాది. సేతిని పట్టుకున్నాది మంట."

రైల్వే ఆసుపత్రిలో చాలాకాలం ఉంది. తిరిగొచ్చాక అత్తగారు స్టవ్వు దగ్గరికి రానివ్వలేదు. భర్త మంచివాడు, మాట అనలేదు, కానీ ఆయనా భయపడ్డాడు. బొగ్గుల కుంపటి తెచ్చి అత్తగారి చేతికిచ్చాడు. ఆ స్టవ్వును మంచం కింద గోనెలో చుట్టి పడేశారు. చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి, ఆ పిల్లకు నిప్పు గండం ఉంది, దూరంగా ఉంచండి అనేవాళ్ళు.

"నానేటి, ఆలకి నీళ్ళు అందించడం. కూరలు తరగడం. బతుకంతా ఇలగేనా అనుకున్నాను. నాకు గండమేటి? నాను ఏడి మీద నూని పోసినాను, అది మండినాది. దానికి తెలిసినదది సేసినాది. నాకు తెల్దు, అంతే గదా. తెలుసుకుందారి అనుకున్నాను."

అత్తగారు చర్చికి వెళ్ళినప్పుడల్లా మంచం కింద నుంచి గోనె లాగేది. భర్త పనిముట్ల పెట్టెలోంచి స్పానరు తీసి ఒక్కో మర విప్పేది. ఏది దేనికి ఉందో కళ్ళతో చూసుకుని, మళ్ళీ బిగించి, గోనెలో చుట్టేసేది. అలా ఎన్ని వారాలో. ఒకరోజు స్పిరిటు పోసి అంటించింది. బర్నరు కాగేదాకా ఆగి పంపు కొట్టింది. భర్త డ్యూటీ దిగి గుమ్మంలోకి వచ్చేసరికి స్టవ్వు గుర్రుమంటోంది, ఎసరు మరుగుతోంది.

"ఆయన గుమ్మంలోనే ఉండిపోనాడు. నాను ఎనక్కి సూడ్నేదు. సూస్తే సెయ్యి ఆగిపోద్ది. అన్నం వార్చి పల్లెంలో ఎట్టినాను. కూకుని తిన్నాడు. తిన్నాక, కిరసనాయిలు సీసా ఎక్కడ ఎట్టమంటావు అనడిగినాడు. అంతే."

ఆవిడ బర్నరులోకి ఊది, సూదిని జుట్టుముడిలో గుచ్చుకుంది.

కొండలకు వెళ్ళాలన్న మాట మొదటిసారి ఆవిడ నోట విన్నప్పుడు నేను సరదాకి అనుకున్నాను. మా క్లబ్బువాళ్ళు సింగలీలా కొండల నుంచి వచ్చి, ఆవిడ స్టవ్వు మీద టీ కాచుకుంటున్న ఫొటో చూపించారు. ఆవిడ ఫోను పట్టుకుని, మంటను కాకుండా వెనకాల మంచుకొండలను చూసింది.

"నా పొయ్యిలన్నీ ఎల్లొచ్చినాయి. నానే ఎల్లనేదు," అంది. "ఈసారి నానూ ఒస్తాను."

కొడుకు ఒప్పుకోలేదు. ఈ వయసులో ఏమిటమ్మా అన్నాడు. మోకాళ్ళ నొప్పులు గుర్తుచేశాడు. సెక్రటరీ దాదా నన్ను పక్కకు పిలిచి, ఎలాగైనా మాన్పించు అన్నాడు. ఆవిడ ఎవరితోనూ వాదించలేదు. మర్నాటి నుంచి పొద్దున్నే టికియాపారా స్టేషను కాలివంతెన ఎక్కి దిగడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు వీపుకి సంచి వచ్చింది. సంచిలో నీళ్ళు నింపిన ఇత్తడి ట్యాంకులు. చీర కింద పైజామా, కాళ్ళకు కొడుకు పాత కాన్వాసు బూట్లు. లోకల్ రైళ్ళ కోసం పరిగెత్తేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. నవ్వేవాళ్ళు. ఆవిడ మెట్ల మీద చూపు తిప్పేది కాదు. ఎండాకాలం వెళ్ళింది, వాన వెళ్ళింది, దసరా పూజల హడావుడి కూడా అయిపోయింది. వంతెన మాత్రం మానలేదు. ఒకనాడు వెళ్ళి చూస్తే పక్కన కోడలు కూడా ఎక్కుతోంది.

"ఒక్కర్తినీ పంపనన్నారు కదా దిదీ. అందుకే నేను భీ," అంది రొప్పుతూ.

చివరికి కొడుకే ఇద్దరికీ రైలు టికెట్లు తీసిచ్చాడు. సెక్రటరీ దాదా చివరి ప్రయత్నంగా, సామాను మోసేవాళ్ళు ఉంటారు, నీ సంచి వాళ్ళకిచ్చెయ్ అన్నాడు. "బట్టలు ఇస్తాను. స్టవ్వు నేనే మోస్తాను," అందావిడ.

రైల్లో కిరసనాయిలు తీసుకెళ్ళకూడదు. రైల్వే ఇంటి మనిషి, ఆ నియమం తప్పలేదు. ట్యాంకు కడిగి, ఆరబెట్టి, ఖాళీగా తెచ్చింది. కొండ మొదట్లో ఊరి కొట్లో కిరసనాయిలూ స్పిరిటూ కొన్నాం. ఆవిడ కిరసనాయిలు సీసా ఎత్తి చూసి, ఇందులో నీళ్ళు కలిశాయి అని పెదవి విరిచింది. వేరే కొట్టు లేదు.

మొదటి రోజులు ఎండగా, హాయిగా గడిచాయి. ఆవిడ నెమ్మదిగా నడిచేది, కానీ ఆగేది కాదు. చివరిరోజు నిటారు ఎక్కుడు. మధ్యాహ్నం దాటాక మబ్బు కిందికి దిగి, వానా మంచూ కలిసి పడటం మొదలైంది. మిగతావాళ్ళు ముందు వెళ్ళిపోయారు. వెనక ఆవిడ, కోడలు, నేను, మాకు తోడుగా సెక్రటరీ దాదా. దారికి అడ్డంగా పారే చిన్న వాగు దగ్గర ఆయన మాకు చెయ్యి అందిస్తూ రాతి మీద జారి, నీళ్ళలో పడ్డాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. తల నుంచి కాళ్ళ దాకా తడిసిపోయాడు. ఆయన సంచిలో ఉన్న స్పిరిటు సీసా పగిలిపోయింది.

కొంతదూరం నడిచాడు. తర్వాత మాట తడబడింది. తర్వాత వణుకు. పశువుల కాపరులు చలికాలం ముందు ఖాళీ చేసి వెళ్ళిన రాతి పాక ఒకటి కనిపించింది. పైకప్పు సగమే ఉంది. ఆయనను అందులోకి చేర్చాం. పైన బస ఇంకా చాలా దూరం.

"నువ్వు ఎల్లు," అంది ఆవిడ కోడలితో. "ఆగకు. మనుసుల్ని తీసుకురా."

ఆ పిల్ల సంచి అక్కడే పడేసి, మబ్బులోకి పరుగెత్తింది.

దాదా తడిబట్టలు విప్పి, మా పొడిబట్టలన్నీ ఆయనకు చుట్టాం. ఆవిడ తన శాలువా తీసి ఆయన తలకు కట్టింది. ఆయన కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతున్నాడు. కుడికాలు నేలను తన్నుతోంది. కాసేపటికి అర్థమైంది. ట్రాము నడిపేవాళ్ళు కాలితో గంట కొడతారు. ఆయన గంట కొడుతున్నాడు.

ఆవిడ స్టవ్వు అమర్చింది. స్పిరిటు లేదు. తన చీర అంచు పళ్ళతో కొరికి, పొడుగ్గా చింపి, కిరసనాయిల్లో తడిపి, బర్నరు మెడకు చుట్టింది. నన్ను రెయిన్‌కోటు విప్పి గాలికి అడ్డం పట్టుకోమంది. అగ్గిపుల్ల గీసింది. పచ్చటి మంట, నల్లటి పొగ. ఆ గుడ్డ కాలినంతసేపూ ఆవిడ కదలకుండా చూస్తూ కూర్చుంది. నాకు తొందరగా ఉంది. కానివ్వండి పెద్దమ్మా అన్నాను.

"ఉండు," అంది.

గాలి స్క్రూ బిగించి పంపు కొట్టింది. స్టవ్వు చిటపటమని, ఒక్కసారిగా పచ్చటి మంట నడుమెత్తు లేచింది. నేను రెయిన్‌కోటుతో సహా వెనక్కి పడ్డాను. ఆవిడ చేతిని వెనక్కి తీసుకోలేదు. మంట కిందుగా పోనిచ్చి స్క్రూ వదులు చేసింది. జాకెట్టు చెయ్యి మాడిన వాసన వచ్చింది.

"నీళ్ళు. ఆ కొట్టోడి నీళ్ళు," అంది. నూనెంతా సీసాలోకి వంపి, ఒక రాతి మీద కదలకుండా నిలబెట్టింది. నీళ్ళు అడుక్కి దిగేదాకా ఆగాలి. పక్కన దాదా కాలు నేలను తన్నడం నెమ్మదించింది.

"మాటాడించు. పడుకోనీకు," అంది నాతో. నేను బెంగాలీలో నాకు తెలిసిన ట్రాము దారులన్నీ అడిగాను. శ్యాంబజార్ ఎలా వెళ్ళాలి, గడియాహాట్ ఎలా వెళ్ళాలి. ఆయన ఒక్కో జవాబుకీ ఎంతో దూరం నుంచి వచ్చినట్టు ఉంది.

ఆవిడ పైకి తేలిన నూనె మాత్రం ట్యాంకులోకి వంచింది. చీర ఇంకోపక్క చింపింది. మళ్ళీ చుట్టింది, మళ్ళీ అంటించింది, మళ్ళీ కూర్చుంది. ఈసారి పంపు కొట్టగానే మంట పచ్చగా ఊగి, ఊగి, నీలంగా దిగి, గుర్రుమంది. నా జీవితంలో అంత మంచి శబ్దం వినలేదు.

వేడినీళ్ళు సీసాలకు పట్టి, గుడ్డ చుట్టి, దాదా చంకల్లో, గుండెల మీద పెట్టాం. చక్కెర నీళ్ళు గుటక గుటకగా తాగించాం. చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచి ఆవిడ వైపు చూశాడు.

"మాశీ, ఏ స్టాపు ఇది?"

"ఇంకా రాలేదు," అంది బెంగాలీలో. "దిగకు, కూర్చో."

వెలుతురు ఉండగానే కోడలు వచ్చేసింది. వెంట బస మనుషులు, ఒక గుర్రం. దాదాను గుర్రం మీద కూర్చోబెట్టారు. నువ్వూ ఎక్కు అన్నారు ఆవిడను ఇంకో మనిషి వీపు చూపించి. హోబే నా అంది. పైదాకా నడిచింది.

ఆ సాయంత్రం బసలో నిప్పుల కుంపటి దగ్గర దాదా దుప్పట్లలో కూర్చుని ఉన్నాడు. ఆవిడ చేతికి కోడలు మందు రాస్తోంది. కొత్తగా కాలింది పెద్దగా లేదు.

"నేను నెమ్మదిగా నడిచానని నువ్వు వెనక ఉండిపోయావు," అంది ఆవిడ ఆయనతో. "లేకపోతే తడిసేవాడివి కాదు. నాకు తెలుసు."

"ముందున్నా పడేవాణ్ణే," అన్నాడాయన. "అప్పుడు నా దగ్గర స్టవ్వు ఉండేది కాదు."

తెల్లారి మబ్బు విడిపోయింది. కాంచన్‌జంఘ మొత్తం కనిపించింది. అందరూ ఫొటోలు తీసుకోవడంలో పడ్డారు. ఆవిడ చిరిగిన చీర బొడ్లో దోపుకుని, చేతులు కట్టుకుని చూసింది. ఎలా ఉంది పెద్దమ్మా అని అడిగాను.

"ఒచ్చినందుకు బాగున్నాది," అంది. కొండ మీంచి చూపు తిప్పి, "కిందికి జీపు ఉన్నాదంట గదా. ఎక్కడానికే కాళ్ళు దాసుకున్నాను. దిగడానికి జీపెక్కుతాను," అంది. ముందు సీట్లో, స్టవ్వు పెట్టె ఒళ్ళో పెట్టుకుని, దర్జాగా దిగింది.

కిందటి చలికాలం ఆవిడకు ఊపిరి ఆడటం కష్టమైంది. కిరసనాయిలు పొగ ఛాయలకు కూడా వెళ్ళకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. స్టవ్వులు కోడలి చేతికి వెళ్ళాయి. ఆవిడ లోపలి గదిలో మంచం మీద పడుకుని, వరండాలో పంపు కొట్టే చప్పుడు విని, "తోలు ఎండిపోనాది, నూనెలో ఎయ్యి," అని కేకేసేది.

నేను చివరిసారి చూసినప్పుడు కేక వెయ్యడానికి కూడా ఓపిక లేదు. దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. ఈసారి క్లబ్బు ఎక్కడికి వెళ్తోంది అని అడిగింది. మళ్ళీ ఆ దారినే అన్నాను.

"ఆ పాక ఉన్నాదేటి ఇంకా?"

"ఉందండీ."

కొంచెంసేపు ఊపిరి కూడదీసుకుంది. "అక్కడ ఒక పొయ్యి ఎట్టీయండి. మంచిది. మడిసీది కాదు, పెద్ద ట్యాంకుది. నూని ఒడగట్టి ఎట్టండి. ఎవులో ఒకలు తడిసొస్తారు."

సరేనన్నాను. మాట ఇవ్వమని అడగలేదు. అడిగినది చేస్తామో లేదోనన్న అనుమానం ఆవిడకు ఉన్నట్టే లేదు. ఆ నెల దాటకుండా వెళ్ళిపోయింది. హౌరాలో సమాధుల తోటలో ఆవిడను దించుతుంటే, మా క్లబ్బువాళ్ళూ, వాట్‌గంజ్ తుక్కుకొట్ల వాళ్ళూ, చర్చివాళ్ళూ ఒకరికొకరు తెలియకుండానే పక్కపక్కన నిలబడ్డారు.

ఈ ఏడు పూజల తర్వాత వెళ్ళాం. స్టవ్వును కోడలు ఎంచింది, కోడలే మోసింది. సెక్రటరీ దాదా కొండ కింద కొట్లో కొని వడగట్టిన కిరసనాయిలు సీసాలు పట్టుకున్నాడు. ఆ వాగు దగ్గర ఎవరి చెయ్యీ అందుకోకుండా, నెమ్మదిగా, నీళ్ళలో దిగి దాటాడు.

పాకలో ఈసారి కాపరి ఉన్నాడు. నడివయసు నేపాలీ. ఇంకా కిందికి దిగలేదు. పైకప్పు రెండో సగం కూడా వేసుకున్నాడు. మేం వచ్చిన పని చెబితే మొదట నమ్మలేదు. స్టవ్వును అటూ ఇటూ తిప్పి చూశాడు. వాళ్ళ నాన్న దగ్గర ఇలాంటిదే ఉండేదట, దాని కిటుకులన్నీ తెలుసట. కోడలు గోడలో గాలి తగలని చోటు చూసి, రాళ్ళు సరిచేసి, స్టవ్వునూ సీసాలనూ అగ్గిపెట్టెల డబ్బానూ అక్కడ అమర్చింది. చలికాలానికి తను దిగిపోయినా దాన్ని తీసుకుపోనని, ఇక్కడే ఉంచుతానని అన్నాడు కాపరి.

మేం సంచులు భుజాలకెత్తుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి హిందీలో అడిగాడు. "ఎవరైనా వాడుకుని, ఇది ఎవరిదని అడిగితే ఏం చెప్పను?"

కోడలు సంచి పట్టీ బిగించుకుంటూ ఆగింది. అత్తగారి పేరు చెబుతుందనుకున్నాను. నా వైపు చూసింది, దాదా వైపు చూసింది, తర్వాత ఆ మనిషి వైపు తిరిగింది.

"టికియాపారా నుంచి నడిచొచ్చిందని చెప్పు," అంది.

దాదా ముందుకు అడుగేశాడు. ఇంకా ఎక్కాల్సిన కొండ చాలా ఉంది.